3,500 అడుగులతో మొదలు: స్టెప్ గోల్, హార్ట్ రేట్ మానిటర్ చుట్టూ ఒక కేస్ స్టడీ

నేను ఫిజియోథెరపిస్ట్‌ని. బీపీ లాంటి సమస్యలతో, ఏళ్ల తరబడి వ్యాయామానికి దూరంగా ఉండి మళ్లీ మొదలుపెట్టాలనుకునే వాళ్లు నా దగ్గరికి ఎక్కువగా వస్తారు. అలా వచ్చిన ఒకరి కేస్ ఇది. ఆయనకి పట్టుదల ఉంది, చేతికి మంచి స్మార్ట్ వాచీ ఉంది, నడవమని డాక్టర్ సలహా కూడా ఉంది. అయినా నడక నిలబడలేదు. వాచీ ఆయన ముందు పెట్టిన రెండు అంకెలు, అంటే స్టెప్స్ లక్ష్యం, హార్ట్ రేట్ జోన్ (నడిచేటప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకోవాలో చెప్పే పరిధి), రెండూ ఆయన శరీరాన్ని చూసి పెట్టినవి కావు. ఆ రెండింటినీ ఆయన కొలతకి తెచ్చుకున్నాకే నడక కుదిరింది. అది ఎలా జరిగిందో, ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నామో వివరంగా రాస్తే ఇలాంటి వాచీ పెట్టుకుని ఇబ్బంది పడుతున్నవాళ్లకి, వాళ్లకి సలహా చెప్పేవాళ్లకి పనికొస్తుందని నమ్ముతున్నాను.

ఆయన అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు తీసేశాను. లెక్కలకి అవసరమైన అంకెలు మాత్రం ఉంచాను.

నేపథ్యం

వయసు 58. రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. చాలా ఏళ్లుగా బీపీ ఉంది. మధ్యలో కొన్నాళ్లు గుండె దడ కూడా రావడంతో డాక్టర్ గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్ర పెట్టారు, అది రోజూ వాడుతున్నారు. ఈ మాత్ర సంగతి గుర్తుంచుకోండి, కేస్ అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. గుండెపోటు చరిత్ర లేదు. బరువు ఉండాల్సిన దానికంటే కొంచెం ఎక్కువ. చదువుకునే రోజుల్లో బాగా ఆటలాడిన మనిషి. అందుకే శరీరం ఇప్పటికీ అప్పటిలాగే మాట వినాలన్న ఆశ లోపల ఉంది.

వాచీ పిల్లలు కొనిచ్చారు. కొన్న రోజు అందులో ఏ సెట్టింగ్ ఉందో అదే కొనసాగింది: రోజుకి 10,000 స్టెప్స్.

ఏ సమస్యతో వచ్చారు

"మేడమ్, ఈ వాచీ ప్రకారం నేను రోజూ ఫెయిలే" అన్నారు, కుర్చీలో కూర్చోగానే. 10,000 లక్ష్యంతో అప్పటికే మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ ఆపేశారు. రెండోసారి ఆపడానికి కారణం మడమ నొప్పి. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే పొడిచినట్టు నొప్పి, కాసేపు తిరిగాక తగ్గడం. అరికాలి కింది గట్టి పొర మడమ ఎముకకి అతుక్కునే చోట ఒత్తిడి పడితే వచ్చే తీరు అది.

మూడోసారి జరిగింది ఇంకొంచెం భయపెట్టేది. నడుస్తున్నప్పుడు వాచీ ఎప్పుడు చూసినా హార్ట్ రేట్ 90 దగ్గరే ఉండేది, కార్డియో జోన్‌లోకి వెళ్లేది కాదు. దాంతో తన నడక చాలదనుకుని ఎత్తు మీదికి వేగంగా నడిచారు, కొంత దూరం పరుగెత్తారు. జోన్ కనిపించింది. ఆనందంగా ఒక్కసారిగా ఆగారు. కళ్లు తిరిగి అక్కడే కూర్చుండిపోయారు.

వెంటనే డాక్టర్‌ని కలవడం ఆయన చేసిన మంచి పని. ఈసీజీ, ట్రెడ్‌మిల్ టెస్ట్ చేశారు. గుండెకి రక్తం అందడంలో లోపం ఏదీ కనిపించలేదు. ప్రయాస పడ్డాక ఒక్కసారిగా ఆగితే కాళ్లలోని రక్తం పైకి రావడం తగ్గి బీపీ పడిపోతుంది, బీపీ మాత్రలు వాడేవాళ్లలో ఇది తేలిగ్గా జరుగుతుంది. డాక్టర్ ఆ మాటే చెప్పి, నడక ఒక పద్ధతిలో పెట్టమని నా దగ్గరికి పంపారు. ట్రెడ్‌మిల్ రిపోర్ట్ వెంట తెచ్చుకున్నారు. టెస్ట్ మాత్ర వేసుకున్న రోజునే చేశారు, హార్ట్ రేట్ గరిష్ఠంగా 128 దాకా వెళ్లింది, కాళ్లు అలిసిపోవడంతో ఆపారు. నాకు ఆ కాగితం చాలా విలువైనది. మాత్ర ఆపి చేసిన టెస్ట్ అయ్యుంటే అందులోని గరిష్ఠ అంకె రోజూ మాత్ర వేసుకుని నడిచే మనిషికి పనికిరాదు.

మొదటి నిర్ణయం: రెండు వారాలు ఏ లక్ష్యమూ వద్దు

ఆయన ఆ రోజే ఒక కొత్త అంకె పట్టుకుని వెళ్లాలనుకున్నారు. నేను ఇవ్వలేదు. మామూలుగా ఎలా ఉంటారో అలాగే ఉండండి, వాచీ మాత్రం పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునే దాకా తీయకండి అన్నాను. ఎక్కడున్నామో తెలియకుండా ఎంత దూరం వెళ్లాలో చెప్పలేం. పైగా వాచీ చూస్తున్నామన్న ధ్యాసతో మొదటి కొద్ది రోజులు ఎవరైనా ఎక్కువే నడుస్తారు. అందుకే మొదటి మూడు రోజుల లెక్క తీసి పక్కన పెట్టాను.

మిగిలిన 11 రోజుల సగటు దాదాపు 3,900 వచ్చింది. నేను ఆ సగటుని వాడలేదు. అంకెలన్నీ చిన్న నుంచి పెద్దకి వరుసగా పేర్చి నడిమి అంకె తీసుకున్నాను. అది 3,000. ఇంత తేడా రెండు రోజుల వల్ల వచ్చింది. వద్దన్నా ఆగలేక ఒక రోజు 9,800, ఇంకో రోజు 8,900 నడిచారు. ఆ రెండు రోజులూ సగటుని పైకి లాగేశాయి. ఆయన మామూలు రోజు మాత్రం 3,000 దగ్గరే ఉంది.

ఆ పట్టికలో నా కంట పడింది వేరే ఉంది. 9,800 మర్నాడు 1,700. 8,900 మర్నాడు 1,900. రేపటి నడకని ఈ రోజే అప్పు తెచ్చుకుని నడిచినట్టు. ఒక పెద్ద రోజు ఆయన్ని ఆరోగ్యంగా చేయడం లేదు, తర్వాతి రోజుని మింగేస్తోంది. ఈ ఒక్క గమనికే తర్వాతి ప్రణాళిక మొత్తాన్ని నడిపింది.

ఈ రెండు వారాల్లోనే వాచీ లెక్కని కూడా పరీక్షించాం. 200 అడుగులు నోటితో లెక్కపెడుతూ నడిపించాను. చేతులు మామూలుగా ఊపుతూ నడిస్తే వాచీ దాదాపు సరిగ్గానే చూపించింది. చేతులు వెనక కట్టుకుని నడిస్తే చాలా తక్కువ చూపించింది. మణికట్టు వాచీ అడుగుల్ని నేరుగా చూడదు, చేతి కదలికని బట్టి లెక్క కడుతుంది. ఆలోచనలో పడితే చేతులు వెనక కట్టుకుని నడవడం ఆయన అలవాటు. ట్రాలీ తోసేటప్పుడు, రెయిలింగ్ పట్టుకుని మెట్లు ఎక్కేటప్పుడు, చాలా నెమ్మదిగా నడిచేటప్పుడు కూడా ఇలాగే లెక్క తప్పుతుంది. నడకకి కేటాయించిన సమయంలో చేతులు వదిలేయాలి, మిగతా వేళల్లో లెక్క తప్పినా పట్టించుకోవద్దు అని అనుకున్నాం.

రెండో నిర్ణయం: 10,000 పక్కన పెట్టి 6,000

ఇక్కడ ఆయన్ని ఒప్పించాల్సి వచ్చింది. 10,000 అనేది వైద్యులు పరీక్షలు చేసి తేల్చిన హద్దు అని ఆయన నమ్మకం. ఆ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ పేరులోంచి ప్రచారంలోకి వచ్చింది. 1964 టోక్యో ఒలింపిక్స్ ఊపులో అక్కడ నడక మీద ఆసక్తి పెరిగిన కాలం అది. పరిశోధనలు చాలా తర్వాత వచ్చాయి. సగటు వయసు 72 ఉన్న 16,000 మందికి పైగా మహిళలని గమనించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రోజుకి సుమారు 2,700 అడుగులు నడిచేవాళ్లతో పోలిస్తే సుమారు 4,400 నడిచేవాళ్లలో మరణాల రేటు 41 శాతం తక్కువగా కనిపించింది. 7,500 దాటాక అదనపు తేడా పెద్దగా లేదు. 2022లో 15 అధ్యయనాలని కలిపి చూసిన విశ్లేషణలో 60 దాటినవాళ్లకి 6,000 నుంచి 8,000 మధ్య, అంతకంటే చిన్నవాళ్లకి 8,000 నుంచి 10,000 మధ్య ఈ లాభం ఇక పెద్దగా పెరగకుండా నిలిచిపోతుందని తేలింది. ఇవి నడకకీ ఆయుష్షుకీ ఉన్న సంబంధాన్ని చూపిస్తాయి, కారణం ఒక్క నడకే అని రుజువు చేయవు. ఆ మాట కూడా ఆయనకి చెప్పాను. అయినా 3,000 దగ్గరున్న మనిషికి ఇందులో పెద్ద ఊరట ఉంది. లాభం ఎక్కువగా ఉండేది మెట్ల కింది భాగంలోనే.

దూరపు లక్ష్యాన్ని ఇలా లెక్కకట్టాం. పెద్దవాళ్లకి వారంలో కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఐదు రోజులు, రోజుకి 30 నిమిషాలు. చాలామంది పెద్దవాళ్లకి నిమిషానికి 100 అడుగుల వేగం ఒక మోస్తరు శ్రమ కిందికి వస్తుంది. 30 నిమిషాలకి 3,000 అడుగులు. ఆయన మామూలు రోజు 3,000 కాబట్టి మొత్తం 6,000. ఈ అంకె పుట్టుక ఆయనకి అర్థమైంది. వాచీలోని 10,000 ఎందుకో ఎప్పుడూ అర్థం కాలేదు కాబట్టి, ఈ తేడా నాకు ముఖ్యం అనిపించింది. తనకి అర్థమైన లక్ష్యాన్ని మనిషి కాపాడుకుంటాడు.

మొదటి మెట్టు 3,500. "ఐదొందల కోసమా మేడమ్ ఇంత హడావుడి?" అన్నారు. ఐదొందలు అంటే ఐదు నిమిషాల నడక. అలా చెప్పగానే ముఖం తేలికపడింది. అప్పటి నుంచి నేను పెంపుని అడుగుల్లో చెప్పడం తగ్గించి నిమిషాల్లోనే చెబుతూ వచ్చాను.

మూడో నిర్ణయం: జోన్ లెక్క ఆయన గుండె నుంచి తీయడం

వాచీ ఏం చేస్తుందో ముందు చూద్దాం. 220 లోంచి వయసు తీసేస్తుంది: 162. దీన్నే గరిష్ఠ హార్ట్ రేట్ అనుకుని శాతాలు వేస్తుంది. ఆయన వాచీలో 70 నుంచి 80 శాతం భాగానికి కార్డియో అని పేరు. అంటే 113 నుంచి 130.

ఈ సూత్రం సగటు మనిషికి వేసిన ఉజ్జాయింపు. ఒకే వయసు వాళ్ల మధ్యే పది, పన్నెండు బీట్ల తేడా మామూలు. 2001లో వచ్చిన ఇంకో సూత్రం, 208 లోంచి వయసులో 0.7 వంతు తీసేయడం, కొంత మెరుగైనది. దానితో 167 వస్తుంది. కానీ ఈ రెండు సూత్రాలకీ ఆయన వేసుకునే మాత్ర సంగతి తెలియదు. గుండెని పరుగెత్తించే అడ్రినలిన్ సంకేతాన్ని బీటా బ్లాకర్ అడ్డుకుంటుంది. విశ్రాంతిలోని వేగమూ తగ్గుతుంది, గరిష్ఠమూ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందనేది మందుని బట్టి, మోతాదుని బట్టి, మనిషిని బట్టి మారుతుంది.

ఆయన అసలు గరిష్ఠం మన చేతిలోనే ఉంది: ట్రెడ్‌మిల్ మీద 128. పొద్దున నిద్ర లేచి మంచం దిగకముందు చూసుకున్న వేగం 56. రెండింటి మధ్య ఉన్న జాగా 72 బీట్లు. ఒక మోస్తరు శ్రమ అంటే ఆ జాగాలో 40 నుంచి 60 శాతం దాకా వాడడం. 72లో 40 శాతం 29, 60 శాతం 43. వాటికి 56 కలిపితే 85 నుంచి 99. 1957లో ఫిన్లండ్ శాస్త్రవేత్త కార్వొనెన్ బృందం ఇచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ వాడతాం.

ఈ రెండు లెక్కల్నీ పక్కపక్కన కాగితం మీద రాసి ఆయనకి చూపించాను. నడుస్తున్నప్పుడు 90 చూసి చాలడం లేదనుకున్నారు. ఆ 90 ఆయనకి సరిగ్గా కావలసిన చోటే ఉంది. వాచీ కార్డియో అని పిలిచిన భాగం ఆయన జాగాలో దాదాపు 80 శాతం దగ్గర మొదలై ఆయన గరిష్ఠాన్నే దాటిపోతోంది. అంటే రోజువారీ నడకగా ఆయన ట్రెడ్‌మిల్ టెస్ట్ చివరి నిమిషాన్ని చేరాలని ప్రయత్నిస్తున్నారు. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. తనకి చేతకాలేదనుకున్నది చేతకానితనం కాదని అప్పుడు తెలిసింది. ఆ రోజు మేం వేరే ఏ పనీ చేయకపోయినా సరిపోయేది.

అంకెకి తోడుగా రెండు గుర్తులు నేర్పాను. నడుస్తూ పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి, పాట పాడడం మాత్రం కష్టంగా ఉండాలి. రెండోది, ఎంత కష్టంగా అనిపిస్తోందో మనమే 6 నుంచి 20 దాకా అంకెలో చెప్పుకునే బోర్గ్ స్కేల్ మీద శ్రమ 12, 13 దగ్గర అనిపించాలి. అంకె, మాట, అనుభూతి ఒకదానితో ఒకటి ఏకీభవించనప్పుడు మాటనీ అనుభూతినీ నమ్మాలి. ఛాతీలో నొప్పి లేదా బరువు, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత ఆయాసం, నాడి లయ తప్పడం, వీటిలో ఏది వచ్చినా వాచీ ఏం చెప్పినా ఆపేసి డాక్టర్‌కి చెప్పాలి.

నిలబడనివి

మొదట రోజువారీ లక్ష్యం పెట్టలేదు. ఆయన పనిదినాలు ఒకేలా ఉండవు కాబట్టి వారానికి 24,500 అని పెట్టాం, అంటే రోజుకి 3,500 లెక్కన. ఒక రోజు తగ్గితే ఇంకో రోజు సర్దుకోవచ్చు, ఫెయిల్ అన్న మాట రాదు అన్నది ఆలోచన. కొందరికి ఈ పద్ధతి చక్కగా కుదురుతుంది. ఈయన పనిదినాల్లో 2,500 దగ్గర ఉండిపోయి, మిగిలినదంతా సెలవు రోజులు రెండింటి మీదా పడేశారు. వారం మొత్తం కచ్చితంగా నిండింది. సెలవుల తర్వాతి పొద్దున మడమ నొప్పి మళ్లీ వచ్చింది. మొదటి పట్టికలో చూసిన తీరే ఇది, పెద్ద రోజుల మీద ఆధారపడడం. వారం లెక్క ఆ అలవాటుకి తలుపు తెరిచి పెట్టింది.

రెండోది హార్ట్ రేట్ అలారం. 100 దాటితే వాచీ వణికేలా పెట్టాం. ఆయన జోరు తగ్గించడానికి అది సాయపడుతుందనుకున్నాం. నడక మొదలుపెట్టిన కొద్ది నిమిషాలకే 114 అని చూపించి వాచీ వణికేది. ఆయన భయపడి ఆగి కూర్చునేవారు. రెండు మూడు సార్లు ఇలా అయ్యాక నడకకి వెళ్లడమే మానేశారు. అంతకుముందు అంకె తక్కువని తోసుకుని నడిచిన మనిషి, ఇప్పుడు అంకె ఎక్కువని ఇంట్లో కూర్చున్నారు.

నేను వెంట నడిచి చూశాను. వాచీ 114 చూపిస్తున్నప్పుడు ఆపి మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 30 సెకన్లు లెక్కపెట్టాను: 45. అంటే నిమిషానికి 90. ఆయన అడుగుల వేగం లెక్కపెడితే నిమిషానికి 114. వాచీ గుండె బదులు అడుగుల్ని లెక్కపెడుతోంది. వాచీ వెనక ఉన్న ఆకుపచ్చ కాంతి చర్మం కింది రక్తనాళాల్లో ప్రతి బీట్‌కి వచ్చే మార్పుని చదువుతుంది. పట్టీ వదులుగా ఉంటే చేతి ఊపుకి వాచీ కదిలి, కాంతి ఆ ఊపు లయనే పట్టుకుంటుంది. చలికి చేతులు చల్లబడినా, వాచీ కింద టాటూ ఉన్నా ఇలాంటి తప్పులు వస్తాయి. ఆయన పట్టీ మణికట్టు ఎముక మీద వదులుగా జారుతూ ఉంది.

వాచీని ఎముక నుంచి రెండు వేళ్ల మందం పైకి జరిపి, కదలకుండా, అలాగని రక్తం ఆగేంత బిగించకుండా కట్టాం. నా దగ్గరున్న ఛాతీ బెల్ట్ కూడా పెట్టి రెండు అంకెల్నీ పోల్చాం. ఛాతీ బెల్ట్ గుండె విద్యుత్ సంకేతాన్ని నేరుగా పట్టుకుంటుంది కాబట్టి చేతి ఊపుతో దానికి సంబంధం లేదు, లోపలి వైపు తడిపి పెట్టుకుంటే చాలు. పట్టీ సరిచేశాక రెండూ రెండు మూడు బీట్ల తేడాతో కలిశాయి. ఆయనకి బెల్ట్ కొనమని చెప్పలేదు. ఒక మోస్తరు నడకకి సరిగ్గా కట్టిన వాచీ చాలు. అనుమానం వస్తే నాడి ఎలా చూసుకోవాలో నేర్పాను. అలారం మాత్రం పూర్తిగా తీసేశాం. సరైన అంకె చూపించినా సరే, భయం నేర్చుకున్న మనిషికి చేతి మీద వణికే యంత్రం మేలు చేయదు.

కుదిరినవి

రోజుకి ఒక నేల, ఒక కప్పు పెట్టాం, అంటే తగ్గకూడని అంకె ఒకటి, దాటకూడని అంకె ఒకటి. వారంలో ఐదు రోజులు 3,500 దాటాలి. ఏ రోజూ 5,500 దాటకూడదు. నేల గురించి అందరూ చెబుతారు, ఈ కేస్‌లో పని చేసింది కప్పు. హుషారుగా ఉన్న రోజు ఆగమని చెప్పడం ఆయనకి నచ్చలేదు. "ఇంకా నడవగలను కదా" అనేవారు. నడవగలరు, కానీ రేపు కూడా నడవాలి అని ప్రతిసారీ మొదటి పట్టిక చూపించేదాన్ని. రెండు వారాలు వరసగా ఐదేసి రోజులు నేల దాటితేనే నేల 500 పెరుగుతుంది, కప్పు కూడా దానితోపాటు పెరుగుతుంది. దాటకపోతే అదే మెట్టు మీద ఉంటాం, వెనక్కి పంపడం లేదు.

నడకని రోజులో ముందే ఉన్న పనులకి కట్టాం. భోజనం తర్వాత ఒకసారి, పని ముగిసిన వెంటనే ఒకసారి. సమయం దొరికినప్పుడు నడుస్తాను అన్నప్పుడు ఆయనకి ఎప్పుడూ సమయం దొరకలేదు.

హార్ట్ రేట్ ఎప్పుడు చూడాలో కూడా నిర్ణయించాం. నడక మధ్యలో ఒకసారి, చివర ఒకసారి. మొదటి ఐదు నిమిషాలు చూడకూడదు. అప్పుడు గుండె ఇంకా సర్దుకుంటూ ఉంటుంది, వాచీ కూడా తడబడుతుంది. చివరి ఐదు నిమిషాలు వేగం క్రమంగా తగ్గించాలి, ఒక్కసారిగా ఆగకూడదు. కళ్లు తిరగడం మళ్లీ రాలేదు. మడమకి పిక్కల సాగదీత, కాలివేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని మడమలు ఎత్తే వ్యాయామం, సరైన బూట్లు. నెమ్మదిగానే అయినా నొప్పి తగ్గింది.

ఎండ ఎక్కువగా ఉన్న రోజుల్లో ఒక మాట చెప్పాల్సి వచ్చింది. వేడిలో, నీళ్లు తక్కువ తాగినప్పుడు అదే వేగానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అప్పుడు వేగం తగ్గించి పరిధిలో ఉండాలి. అడుగులు తగ్గితే తగ్గనివ్వాలి. ఈ రెండు అంకెలూ గొడవపడితే ఆ రోజుకి మాట హార్ట్ రేట్‌దే.

దాదాపు ఐదు నెలలకి నేల 6,000 చేరింది. మధ్యలో ఒక మెట్టు మీద చాలా వారాలు ఆగిపోయాం, ఇంట్లో అనారోగ్యం వల్ల. కిందికి మాత్రం జారలేదు. ప్రగతిని విశ్రాంతి హార్ట్ రేట్‌తో కొలవలేదు. మాత్ర దాన్ని ఎలాగూ తగ్గించి ఉంచుతుంది. దాని బదులు ఒకే దారి, ఒకే వేగం, ఒకే సమయం పెట్టుకుని నడక మధ్యలో అంకె చూసేవాళ్లం. మొదట్లో 98 ఉండేది. ఐదో నెలలో అదే దారిలో అదే వేగానికి 91. అంతే పనికి గుండె తక్కువ కష్టపడుతోంది. 6,000 కంటే ఆయన ఎక్కువ సంతోషపడింది ఈ ఏడు బీట్లకి.

తర్వాత జరిగింది

ఆరో నెలలో బీపీ బాగుండడం, దడ రాకపోవడం చూసి డాక్టర్ బీటా బ్లాకర్ మోతాదు తగ్గించారు. కొద్ది రోజులకి ఆయన టెన్షన్‌తో ఫోన్ చేశారు. అదే దారి, అదే వేగం, వాచీ 103 చూపిస్తోంది. ఇన్ని నెలల కష్టం పోయిందనుకున్నారు. నేను ముందు అంకె గురించి అడగలేదు. మాట్లాడుతూ నడవగలుగుతున్నారా, శ్రమ ఎంత అనిపిస్తోంది, దడ గానీ ఛాతీలో బరువు గానీ ఉందా అని అడిగాను. మాట తేలిగ్గానే వస్తోంది, శ్రమ 12, వేరే ఏమీ లేదు. మందు పట్టు సడలాక గుండె తన సహజ వేగానికి కొంత తిరిగి వస్తుంది. గుండె బలహీనపడిందనడానికి అది గుర్తు కాదు. విషయం డాక్టర్‌కి కూడా తెలియజేశాం, అది ఊహించిన మార్పే అన్నారు.

కొత్త మోతాదు మీద ట్రెడ్‌మిల్ టెస్ట్ లేదు, వెంటనే చేయించాల్సిన అవసరమూ డాక్టర్‌కి కనిపించలేదు. అందుకని పాత 85-99 పరిధిని కొట్టేసి, కొన్ని నడకల్లో శ్రమ 12, 13 అనిపించినప్పుడు అంకె ఎంత ఉందో రాయమన్నాను. 95 నుంచి 110 మధ్య పడింది. దాన్నే తాత్కాలిక పరిధిగా పెట్టుకున్నాం. మొదటి నుంచీ మాటనీ అనుభూతినీ నేర్పి ఉండకపోతే ఈ వారాల్లో ఆయన చేతిలో ఏ ఆధారమూ ఉండేది కాదు.

ఇందులోంచి నేను తీసుకున్నవి

ఇలాంటివాళ్లు వచ్చినప్పుడు ఇప్పుడు మొదట మందుల జాబితా అడుగుతున్నాను, తర్వాతే వాచీ చూస్తున్నాను. గుండె వేగాన్ని మార్చేవి బీటా బ్లాకర్లు ఒక్కటే కావు. బీపీకి వాడే కాల్షియం చానల్ బ్లాకర్లలో కొన్ని రకాలు కూడా తగ్గిస్తాయి. థైరాయిడ్ మాత్ర మోతాదు ఎక్కువైతే వేగం పెరుగుతుంది. గుండె లయ తప్పే జబ్బు ఉన్నవాళ్లకి ఈ లెక్కలు వర్తించవు, వాళ్లకి పరిధి డాక్టరే చెప్పాలి.

స్టెప్స్ పట్టికలో నడిమి అంకెతో పాటు ప్రతి పెద్ద రోజుకి మర్నాడు ఏమైందో చూస్తున్నాను. మర్నాడు కూలిపోతున్నవాళ్లకి కప్పు పెడతాను. అలా కూలిపోనివాళ్లకి అవసరం లేదు, అనవసరంగా పెడితే ఉత్సాహం చంపినట్టవుతుంది. వారం లెక్క కూడా ఎవరికీ ఇవ్వకూడదని అనుకోవడం లేదు. షిఫ్టులు మారే ఉద్యోగం ఉన్నవాళ్లకి అదే సరైనది, ఒక్క రోజులో ఎంత దాకా వెళ్లవచ్చో ముందే చెప్పి ఇస్తే చాలు.

వాచీ అంకెని కనీసం ఒక్కసారి చేత్తో పట్టిన నాడితో పోల్చకుండా ఏ పరిధీ రాసివ్వడం లేదు. దానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. ఇక ఫైల్‌లో హార్ట్ రేట్ పరిధి పక్కనే మందు పేరు, మోతాదు, తేదీ రాస్తున్నాను. మోతాదు మారిన రోజు నుంచి ఆ పరిధి చెల్లదని, ఫోన్ చేసి కొత్తది పెట్టుకునే దాకా మాట్లాడుతూ నడవగలిగే వేగంలోనే ఉండాలని ముందే చెప్పి పంపుతున్నాను.